చుట్టూ నడిచి వస్తే సమీకరణం

(జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో, హైస్కూలు విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక లెక్క చదువుతాను. పిల్లలూ, కలం ముట్టుకోకుండా వినండి.

"ఒక దీర్ఘచతురస్రాకార ఇంటి స్థలం పొడవు, దాని వెడల్పు కంటే 14 అడుగులు ఎక్కువ. ఆ స్థలం చుట్టుకొలత 172 అడుగులు. పొడవెంత, వెడల్పెంత?"

ఎవరో అప్పుడే 158 అన్నారు. వెనక వరుసలోనా? సరే. 172 లోంచి 14 తీసేశావు. ఎందుకు తీసేశావు బాబూ? లెక్కలో రెండు సంఖ్యలు కనిపించాయి, వాటితో ఏదో ఒకటి చేయాలి అనిపించింది. అంతే కదా? పద సమస్య అనగానే చాలామంది ఇలాగే మొదలుపెడతారు. వాక్యం పూర్తి కాకముందే సంఖ్యల మీద పడతారు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తొందరను ఎలా ఆపాలన్నదే. చుట్టుకొలత లెక్కల్లో సమీకరణం సాధించడం కష్టం కాదు. ఏడో తరగతి పిల్లలు సరళ సమీకరణాలను చకచకా చేసేస్తారు. కష్టమంతా అంతకు ముందే ఉంది. వాక్యాన్ని వినడంలో ఉంది.

చుట్టుకొలత అంటే ఏమిటి? నువ్వు చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: రెండు ఇంటూ పొడవు ప్లస్ వెడల్పు.)

అది సూత్రం. నేను చుట్టుకొలత అంటే ఏమిటని అడిగాను.

(విద్యార్థిని: చుట్టూ నడిస్తే అయ్యే దూరం.)

చాలా బాగా చెప్పావు. ఈ మాట గట్టిగా పట్టుకో. సూత్రం మరచిపోయినా ఫరవాలేదు, ఈ మాట మరవకూడదు. ఎందుకో కాసేపట్లో చూస్తాం.

(బోర్డు మీద దీర్ఘచతురస్రం గీస్తూ) పటం గీయండి. అందంగా ఉండనక్కరలేదు. ఇప్పుడు వెడల్పు మనకు తెలియదు. తెలియకపోయినా దానికి ఒక పేరు పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో ఎక్స్ అని రాస్తారు, పరీక్షలో మీరూ అలాగే రాయండి. ఈ రోజు బోర్డు మీద మాత్రం నేను 'య' అని రాస్తాను. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, కుదించి 'యా' అని రాశాడు. తెలియనివి ఒకటి కంటే ఎక్కువ ఉంటే కాలక, నీలక, పీతక అంటూ రంగుల పేర్లు పెట్టాడు. ఏ అక్షరమైనా ఒకటే, ఒక సంఖ్యకు అది తాత్కాలికమైన పేరు.

వెడల్పు య. పొడవు య + 14. ఇప్పుడు చుట్టూ నడుద్దాం. ఈ మూల నుంచి బయలుదేరాను. య, తరువాత య + 14, మళ్లీ య, మళ్లీ య + 14. బయలుదేరిన మూలకే వచ్చాను. మొత్తం ఎంత నడిచాను? నాలుగు య లు, రెండు పద్నాలుగులు.

4య + 28 = 172.

28 ని పక్షాంతరం చేస్తే 4య = 144, య = 36. వెడల్పు 36 అడుగులు, పొడవు 50 అడుగులు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుందని అందరికీ వచ్చు. మరి 28 ని తీసేసినప్పుడు పటంలో ఏమి జరిగింది? 172 అడుగుల తాడు ఈ స్థలం చుట్టూ పరిచామనుకోండి. పొడవు వైపుల్లో వెడల్పు కంటే ఎక్కువగా ఉన్న ముక్కలు రెండు, ఒక్కొక్కటి 14 అడుగులు. ఆ రెండింటినీ కత్తిరించి పక్కన పెట్టాం. మిగిలిన 144 అడుగుల తాడులో నాలుగు వైపులూ సమానం. నాలుగు మడతలు పెడితే ఒక్కో మడత 36. సమీకరణంలో ప్రతి అడుగుకూ పటంలో ఇలా ఒక పని ఉంటుంది. పిల్లవాడు 28 తీసేసినప్పుడు "ఏమి తీసేశావో పటంలో చూపించు" అని అడగండి. చూపించగలిగితే బీజగణితం వాడికి వచ్చినట్టే.

బీజగణితం లేకుండా కూడా ఈ లెక్క చేయవచ్చు. 172 లో సగం 86, అది పొడవు, వెడల్పుల మొత్తం. వాటి భేదం 14. మొత్తానికి భేదాన్ని కలిపి సగం చేస్తే 50, తీసి సగం చేస్తే 36. మన ప్రాచీన గణితంలో దీన్ని సంక్రమణం అంటారు. భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో దీనికి ఇచ్చిన ఉదాహరణ ఇది: మొత్తం 101, భేదం 25, ఆ రెండు సంఖ్యలేవి? జవాబు 63, 38. నోటితో లెక్క కట్టేవాళ్లు ఈ రోజుకీ ఇలాగే చేస్తారు. మీ అబ్బాయి సమీకరణం రాయకుండా ఇలా జవాబు చెబితే మెచ్చుకోండి. అది అసలైన ఆలోచన. అయితే సంక్రమణానికి మొత్తం, భేదం రెండూ నేరుగా చేతికి అందాలి. భేదం బదులు రెట్లు ఇస్తే మరో ఉపాయం వెతకాలి, మూడు వైపులే ఉంటే ఇంకో ఉపాయం. బీజగణితంలో అన్నింటికీ ఒకే దారి, పేరు పెట్టడం, చుట్టూ నడవడం.

మరి ఏ భుజానికి య అని పేరు పెట్టాలి? నా దృష్టిలో ఈ పాఠమంతటికీ ప్రాణం ఇదే. పిల్లలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

తెలుగులో చదువుకునేవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. "పొడవు, వెడల్పు కంటే 14 ఎక్కువ." ఇందులో 'కంటే' ఎక్కడుందో చూడండి. దాని ముందున్న మాట వెడల్పు. ఆ వెడల్పే య. "పొడవు, వెడల్పుకు రెట్టింపు" అన్నారనుకోండి. 'కు' అంటుకుని ఉన్నది వెడల్పుకే. అదే య. దేనితో పోల్చి చెప్పారో దానికి పేరు పెట్టండి. రెండోది దాని నుంచి తానే పుట్టుకొస్తుంది.

వాలీబాల్ కోర్టు తీసుకుందాం. పొడవు వెడల్పుకు రెట్టింపు, చుట్టుకొలత 54 మీటర్లు. వెడల్పు య, పొడవు 2య. నడిస్తే 6య = 54, య = 9. తొమ్మిది మీటర్ల వెడల్పు, పద్దెనిమిది మీటర్ల పొడవు. మీ బడి ఆవరణలో సున్నంతో గీసే కోర్టు ఇదే. పొడవునే య అంటే కూడదా? కూడుతుంది. అప్పుడు వెడల్పు య లో సగం. చుట్టూ నడిస్తే 3య = 54, య = 18. అదే జవాబు, కానీ దారిలో ఒక భిన్నం తగిలింది. తప్పేమీ లేదు, రాళ్లున్న దారి, అంతే.

ఇప్పుడు బాస్కెట్‌బాల్ కోర్టు. "పొడవు, వెడల్పుకు రెట్టింపు కంటే 2 మీటర్లు తక్కువ. చుట్టుకొలత 86 మీటర్లు." ఈ వాక్యాన్ని కుడి చేత్తో రాస్తూ, ఎడమ చేత్తో ఒక్కో మాట మీద వేలు పెట్టండి. వెడల్పుకు: య. రెట్టింపు: 2య. కంటే 2 తక్కువ: 2య − 2. చూశారా? వాక్యం ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే బీజీయ సమాసం కూడా అదే వరుసలో తయారైంది. వెనక్కి తిరిగి చూడవలసిన పని లేదు. ఆంగ్లంలో ఇదే వాక్యంలో ముందు రెండు వస్తుంది, తరువాత తక్కువ, ఆ తరువాతే వెడల్పు. అందుకే ఆంగ్ల మాధ్యమంలో పిల్లలు తలకిందులుగా 2 − 2య అని రాస్తుంటారు. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లలు కూడా లెక్కను ఒకసారి తెలుగులో చెప్పుకుని చూడమని నేను కోరుతున్నాను. లెక్కను తెలుగులో చెప్పుకోవడం మనకు కొత్త కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

నడుద్దాం. రెండు వెడల్పులు 2య, రెండు పొడవులు 4య − 4. మొత్తం 6య − 4 = 86. 6య = 90, య = 15. వెడల్పు 15 మీటర్లు, పొడవు 28. అంతర్జాతీయ కోర్టు కొలతలు సరిగ్గా ఇవే.

అయితే ఒక చోట మాత్రం జాగ్రత్త. "వెడల్పుకు రెట్టింపు కంటే 2 తక్కువ" వేరు, "వెడల్పు కంటే 2 తక్కువైన దానికి రెట్టింపు" వేరు. మొదటిది 2య − 2. రెండోదానిలో ముందు రెండు తీసేశాం, తరువాత రెట్టించాం. అంటే 2(య − 2). కుండలీకరణం అక్కడికి ఎందుకొచ్చిందో వాక్యమే చెబుతోంది. వెడల్పు 15 అయితే మొదటిది 28, రెండోది 26. ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక మనవి. ప్రశ్నపత్రంలో "రెండు రెట్లు ఎక్కువ" అని రాయకండి. కొందరు దాన్ని 2య అనుకుంటారు, మరికొందరు 3య అనుకుంటారు. ఇద్దరిదీ న్యాయమే. పిల్లల మార్కులు అక్కడ పోవడం నాకు బాధగా ఉంటుంది. "రెట్టింపు" అంటే ఎవరికీ సందేహం ఉండదు.

'కంటే' గానీ 'కు' గానీ లేని లెక్కలూ ఉంటాయి. మన జాతీయ పతాకం పొడవు, వెడల్పుల నిష్పత్తి 3:2. ఒక పతాకం అంచు వెంబడి కొలిస్తే 300 సెంటీమీటర్లు వచ్చింది. ఇక్కడ య అనే పేరు పొడవుకూ కాదు, వెడల్పుకూ కాదు, ఒక వంతుకు. పొడవు 3య, వెడల్పు 2య, చుట్టూ 10య. య = 30. పొడవు 90, వెడల్పు 60 సెంటీమీటర్లు. పతాక నియమావళిలో ఉన్న కొలతల్లో ఇదొకటి. ఇందులో పిల్లలు చేసే పొరపాటు, య = 30 రాగానే ఆపేయడం. అడిగినది య కాదు. ప్రశ్న మళ్లీ చదివి, జవాబును పూర్తి వాక్యంగా రాయండి.

ఇందాక సూత్రం మరచిపోయినా ఫరవాలేదన్నాను. ఎందుకంటే, ఈ లెక్క వినండి. "ఇంటి వెనక గోడకు ఆనుకుని కూరగాయల పెరడు ఉంది. గోడ వెంబడి ఉన్న పొడవు, వెడల్పుకు రెట్టింపు. గోడ వైపు కంచె అక్కరలేదు. గోడకు ఎదురుగా ఉన్న వైపు 1 మీటరు వెడల్పున గేటు వదిలారు. మిగతా అంతటా మూడు వరుసల ముళ్లతీగ కట్టడానికి 117 మీటర్ల తీగ సరిగ్గా సరిపోయింది. పెరడు కొలతలు ఎంత?"

రెండు ఇంటూ పొడవు ప్లస్ వెడల్పు అని కంఠస్థం చేసినవాళ్లు ఇక్కడ 6య = 117 అని రాసేస్తారు. నడిచినవాడు రాయడు. రండి, గోడ దగ్గర నుంచి బయలుదేరదాం. ఒక వెడల్పు, య. మూల తిరిగాం. పొడవు 2య, కానీ గేటు దగ్గర తీగ లేదు, కనుక 2య − 1. మళ్లీ మూల తిరిగి య. గోడ వచ్చేసింది, ఆగాం. ఒక వరుసకు 4య − 1. మూడు వరుసలకు 117 అంటే, ఒక వరుసకు 39. 4య − 1 = 39, 4య = 40, య = 10. వెడల్పు 10 మీటర్లు, పొడవు 20. సరిచూద్దాం. పది, పంతొమ్మిది, పది కలిపితే ముప్పైతొమ్మిది, మూడు వరుసలకు నూట పదిహేడు. సరిపోయింది.

ఇందులో కొత్త బీజగణితం ఏమీ లేదు. గోడ దగ్గర ఆగడం, గేటు దగ్గర తీగ వదిలేయడం, మూడు వరుసలని గుర్తుంచుకోవడం, ఇవే ఉన్నాయి. ఇవన్నీ పటంలో కనిపిస్తాయి, సూత్రంలో కనిపించవు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి ఇస్తాను. అందరూ చేయండి. "ఒక సమద్విబాహు త్రిభుజం చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. భూమి, సమాన భుజం కంటే 8 సెంటీమీటర్లు ఎక్కువ. భుజాలు ఎంత?"

(కాసేపు విరామం.)

అయిందా? సమాన భుజం య, భూమి య + 8. 3య + 8 = 20. య = 4. భుజాలు 4, 4, 12. మొత్తం 20. సమీకరణం సరిపోయింది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఇప్పుడు స్కేలు తీసుకుని ఆ త్రిభుజం గీయండి. 12 సెంటీమీటర్ల భూమి గీశారు. ఒక చివర నుంచి 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తలేఖినితో చాపం గీయండి. రెండో చివర నుంచి కూడా అలాగే.

(ఒక విద్యార్థి: కలవడం లేదు సార్!)

కలవవు. నాలుగూ నాలుగూ ఎనిమిది, భూమి పన్నెండు. రెండు భుజాలూ భూమి మీద పడుకున్నా మధ్యలో ఇంకా నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువ ఉండి తీరాలి. కనుక ఇలాంటి త్రిభుజమే లేదు. సమీకరణానికి చుట్టుకొలత ఒక్కటే తెలుసు, మూలలు కలుస్తాయో లేదో దానికి తెలియదు. అది చూడవలసిన బాధ్యత మనది. అందుకే సరిచూడడం అంటే సంఖ్యలను సమీకరణంలో ప్రతిక్షేపించడంతో సరిపోదు. మొదటి వాక్యంలోనూ, పటంలోనూ పెట్టి చూడాలి. సమీకరణమే తప్పుగా రాసి ఉంటే, దానిలోనే ప్రతిక్షేపించి ఏమి లాభం? అది ఎప్పటికీ సరిపోయిందనే అంటుంది.

అదే లెక్కలో 8 బదులు 2 పెట్టండి. 3య + 2 = 20, య = 6. భుజాలు 6, 6, 8. చక్కని త్రిభుజం. మరి 8 కీ 2 కీ మధ్య ఎక్కడ చెడింది? భూమి ఎంత ఎక్కువైతే త్రిభుజం ఉండదు? ఎనిమిదో తరగతి పిల్లలు ఇంటికి వెళ్లాక ఆలోచించండి. ఒక సూచన ఇస్తాను, భూమి చుట్టుకొలతలో సగానికి తక్కువ ఉండాలి.

పెద్దల కోసం ఒక మాట చెప్పి ముగిస్తాను. మన దగ్గర "200 గజాల స్థలం" అంటాం. అవి చదరపు గజాలు, అంటే వైశాల్యం, 1800 చదరపు అడుగులు. చుట్టుకొలత గురించి ఆ మాట ఏమీ చెప్పదు. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్నా 200 గజాలే. 30, 60 ఉన్నా 200 గజాలే. 40, 45 ఉన్నా అంతే. చుట్టుకొలతలు మాత్రం వరుసగా 172, 180, 170 అడుగులు. ప్రహరీ గోడ ఖర్చు గజాలను బట్టి రాదు, చుట్టూ నడిచిన అడుగులను బట్టి వస్తుంది. ఈ తేడా మీ పిల్లలతో కాగితం మీద వేయించండి.

పదో తరగతి వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేయవచ్చు. మన మొదటి లెక్కలో చుట్టుకొలత బదులు 200 గజాలని వైశాల్యం ఇచ్చి ఉంటే, య(య + 14) = 1800. ఇది వర్గ సమీకరణం. కారణాంకాలు (య − 36)(య + 50). య కు రెండు విలువలు వస్తాయి, 36, −50. వెడల్పు రుణసంఖ్య కాదు కనుక రెండోదాన్ని వదిలేస్తాం. అయితే ఆ 50 ని గమనించండి, అది మన స్థలం పొడవే. ఎందుకలా వచ్చిందో మీ ఉపాధ్యాయులను అడగండి. చాలా మంచి చర్చ అవుతుంది.

ఏమైనా ప్రశ్నలున్నాయా?

(ఒక తల్లి: మా పాపకు లెక్క చదవగానే భయం, సార్. పటం కూడా గీయదు. ఎక్కడ మొదలుపెట్టించాలి?)

లెక్క వద్దమ్మా. ముందు ఒక గది చుట్టూ నడిపించండి. గది పొడవు, వెడల్పు టేపుతో కొలిపించండి. తరువాత ఆ కొలతల మీద పాపనే ఒక లెక్క తయారు చేయమనండి. "మా గది పొడవు వెడల్పు కంటే ఇంత ఎక్కువ, చుట్టుకొలత ఇంత" అని. ఆ లెక్కను మీరు చేయండి. మీరు తప్పు చేస్తే పాప దిద్దుతుంది. జవాబు తనకు ముందే తెలుసు కనుక భయం ఉండదు. లెక్క తయారు చేయడం వస్తే, లెక్క చదవడం తప్పక వస్తుంది.

(ఒక విద్యార్థి: సార్, ఇంకొక లెక్క ఇవ్వండి.)

ఇస్తాను, రాసుకో. "షటిల్ కోర్టు పొడవు, వెడల్పుకు రెట్టింపు కంటే 1.2 మీటర్లు ఎక్కువ. చుట్టుకొలత 39 మీటర్లు." దశాంశాలకు జంకవద్దు. జవాబు వచ్చాక, దగ్గర్లో ఉన్న కోర్టుకు టేపు తీసుకుని వెళ్లండి. డబుల్స్ ఆడే పూర్తి కోర్టును కొలవండి. గీత మధ్య నుంచి కాదు, వెలుపలి అంచు నుంచి వెలుపలి అంచు దాకా కొలవాలి. గీతలు కూడా కోర్టులో భాగమే. నాలుగు వైపులూ కొలిచి కలపండి. 39 రాకపోతే ముందు మీ సమీకరణం చూసుకోండి, తరువాత టేపు చూసుకోండి, ఆ రెండూ సరిగ్గా ఉంటే ఆ కోర్టు గీసినవారిని పిలిచి చూపించండి.